ఆరెంజ్ బటన్ మీద టేపు

మా ఆయన కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటున్నా కుర్చీలో ఊగుతూనే ఉంటాడు. ఫైర్ స్టేషన్ల వాకీటాకీలు బాగుచేసే ఉద్యోగం. ఊళ్ళో ఎక్కడ సైరన్ మోగినా, "నా సెట్టు పలుకుతోందో లేదో" అని ఈయన గుండె దడదడలాడుతుంది. మంట ఆర్పేవాళ్ళకి లేని కంగారు మీకెందుకండీ అని పెళ్ళయిన పందొమ్మిదేళ్ళుగా దెప్పుతూనే ఉన్నాను.

కిందటేడు కొత్త డిజిటల్ సెట్లు వచ్చాయి. వాటి నెత్తిన ఓ ఆరెంజ్ బటన్. ఆపదలో ఉన్నవాడు అది నొక్కితే చాలు, మైకు దానంతటదే తెరుచుకుంటుంది, కంట్రోల్ రూమ్‌లో తెరమీద వాడి పేరు ఎర్రగా వెలుగుతుంది. ఓ సెట్టు ఇంటికి తెచ్చి మరీ నాకు చూపించాడు. "గొంతు పెగలకపోయినా ఇది అరుస్తుందే" అని మురిసిపోయాడు.

చిక్కంతా ఆ బటన్ మరీ మెత్తగా ఉండటంతో వచ్చింది. వంగితే నొక్కుకుంటుంది, గోడకి రాసుకుంటే నొక్కుకుంటుంది. ఉత్తుత్తినే మోగిన ప్రతిసారీ పెద్దాఫీసరుకి సంజాయిషీ రాసివ్వాలి. మా తమ్ముడు ఫైర్‌మ్యాన్. ఒక్క నెలలో ఆరు రాశాడు పాపం.

"బావా, దానిమీద ఓ ముక్క టేపు అంటించు, నీకు పుణ్యముంటుంది" అని వాడు. "కుదరదురా" అని ఈయన. మధ్యలో నేనున్నానుగా! "ఏవండీ, సొంత బావమరిదికి ఆ మాత్రం చెయ్యలేరా? వింటే నలుగురూ నవ్వుతారు" అని రెండు రోజులు సణిగి సణిగి ప్రాణం తీశాను. మూడోరోజు, ఎంత నొక్కినా బటన్ దిగకుండా అట్టముక్క అడ్డుపెట్టి టేపు వేసేశాడు. నా నోరు పడిపోను!

మొన్న మంగళవారం క్యారేజీ మరిచిపోయి వెళ్ళిపోతే, మధ్యాహ్నం పట్టుకుని వర్క్‌షాప్‌కి వెళ్ళాను. బల్లమీద సెట్టు గోలగోలగా ఉంది. ఎక్కడో ఫర్నిచర్ గోడౌన్ సెల్లార్లో మంటలట. లోపలికి వెళ్ళినవాళ్ళలో మా తమ్ముడున్నాడు. బయటున్న ఆఫీసరు వాణ్ణి పేరుపెట్టి రెండుసార్లు పిలిచాడు. జవాబు లేదు.

"పనిలో ఉండుంటాడు సార్. అలారం రాలేదుగా," అంది కంట్రోల్ రూమ్ అమ్మాయి.

"అంతేలే, ఆపదైతే నొక్కేవాడే," అన్నాడు ఆఫీసరు.

మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. నావైపు ఒక్క చూపు చూశాడు. మైకు లాక్కున్నాడు.

"సార్, వర్క్‌షాప్ నుంచి. అలారాన్ని నమ్మకండి. వాడి బటన్ నేనే మూసేశాను, టేపు వేసి. నొక్కినా మీకు రాదు. మనుషుల్ని లోపలికి పంపండి, ఇప్పుడే పంపండి!"

అన్ని స్టేషన్లూ విన్నాయి. ఉద్యోగం ఊడినట్టే. ఊడితే ఊడనీ, ఆ క్షణంలో ఉద్యోగం ఎవరికి కావాలి? ఈయన గది ఈ చివర్నించి ఆ చివరికి తిరుగుతున్నాడు, వెనకే నేను. "వాడికేమన్నా అయితే మా అమ్మకి మొహం ఎలా చూపించనండీ" అని ఏడుస్తూనే ఉన్నాను. టేపు వేయించింది నేనని ఈయన ఒక్క మాటైనా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

తొమ్మిది నిమిషాలకి సెట్టు పలికింది. "దొరికాడు. బీరువా మీద పడింది. కాలు విరిగింది కానీ బతికే ఉన్నాడు."

కూలబడి బావురుమన్నాను. "బతికించారండీ" అని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని మళ్ళీ మైకు అందుకున్నాడు.

"నాచేత టేపు వేయించుకున్నవాళ్ళంతా ఇప్పుడే పీకెయ్యండి. పీకినవాళ్ళు పేరు చెప్పండి."

నేను నోరెళ్ళబెట్టాను. "మా తమ్ముడొక్కడికే కదండీ?"

"ఒకడికి వేశాక ఇంకొకడికి కాదనడమెలాగే? వాడి తర్వాత ఇంకో పన్నెండుమందికి వేశాను."

ఒక్కొక్కరే నసుగుతూ పేర్లు చెప్పారు. ఈయన కాగితం మీద గీతలు పెడుతున్నాడు. పదకొండో గీత దగ్గర సెట్టు మూగబోయింది. మళ్ళీ పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. ఆ పన్నెండోవాడి పేరు నాకు తెలీదు, మొహం తెలీదు. అయినా సెట్టుకి చెవి ఆనించి, "పలకరా నాయనా, పలకరా" అంటూనే ఉన్నాను.