చూడనిది ముందు చెప్పమన్న మనిషి

పోయిన ఆదివారం ప్రార్థన కూడికకి కుర్చీలు వేస్తుండగా పిన్ని ఫోన్ చేసి బాబాయ్ పోయారని చెప్పింది. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిందట. "టీ పెట్టి పిలిస్తే పలకలేదే," అంది. నేను చేతిలో ఉన్న కుర్చీ అక్కడే వేసి దాని మీదే కూలబడ్డాను.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. బ్రెమెన్‌లో చదువుకునే తెలుగు పిల్లలందరికీ ఆయన బాబాయ్, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆయన భార్య పిన్ని. ఆయనది గుంటూరు దగ్గర పల్లె, నాది ఖమ్మం. చిన్నప్పుడే ఆయన చర్చి ఫాదర్ల సాయంతో ఇటలీ వెళ్ళి ఒక మఠంలో తోటపని చేశారు. తర్వాత అక్కడి ఫుట్‌బాల్ స్టేడియంలో స్టూవర్డ్‌గా చేరారు. పసుపు జాకెట్ వేసుకుని గేటు దగ్గర సంచులు తడిమేది, గొడవ మొదలైతే మధ్యలో నిలబడేది స్టూవర్డే. పిన్నికి జర్మనీలో ఉద్యోగం వచ్చాక ఆయనా వచ్చి ఇక్కడా అదే పని వెతుక్కున్నారు.

విమానాల కంపెనీలో పనిచేసే మా కూడిక పెద్దలకి ఆ పని అంత గౌరవంగా కనిపించేది కాదు. "ఆయన సెక్యూరిటీలో ఉన్నాడు లెండి," అని ఒక మాటతో దాటేసేవాళ్ళు. బాబాయ్ మాత్రం డ్యూటీ ఉన్న రోజు జాకెట్ ఇస్త్రీ చేసుకునేవారు. ప్లాస్టిక్ జాకెట్‌కి ఇస్త్రీ ఏమిటని పిన్ని మొత్తుకునేది. మధ్యలో పలచటి గుడ్డ వేసి మరీ చేసేవారు.

ఇటలీ కథలు ఆయన అన్నం తింటూ చెప్పేవారు. ఆయన చేరిన కొత్తలో మ్యాచ్ ఉందంటే స్టేషన్ చుట్టుపక్కల దుకాణాలు షట్టర్లు దించేసేవట. రెండు ఊళ్ళ అభిమానులు స్టేడియం దాకా ఆగేవాళ్ళు కాదు, రైలు దిగిన చోటే తలలు పగలగొట్టుకునేవాళ్ళు. హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు వచ్చి దొరికినవాణ్ణి దొరికినట్టు బాదేవాళ్ళు. తర్వాత టికెట్ మీద పేరు రాయడం వచ్చింది, గొడవ చేసినవాణ్ణి ఏళ్ళ తరబడి స్టేడియం గడప తొక్కనివ్వకపోవడం వచ్చింది. అలా నిషేధం పడ్డవాళ్ళలో కొందరు సరిగ్గా ఆట జరిగే వేళకి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి. ఆట చూడకపోతే చాలదు, చూడటం లేదని రుజువు కూడా ఇవ్వాలన్నమాట. ఈ కట్టుబాట్ల వల్ల చాలా ప్రాణాలు నిలిచాయని బాబాయ్ గట్టిగా నమ్మేవారు. అయితే ఎవరైనా అభిమానులందరినీ కలిపి రౌడీలంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "గుంపుకి మొహం ఉండదంటారు, ఉత్తమాట. అవన్నీ సాయంత్రానికి ఇంటికి పోయే మొహాలే," అనేవారు.

ఆడవాళ్ళని ఆడవాళ్ళే తడమాలి కాబట్టి గేట్ల దగ్గర అమ్మాయిలకి ఎప్పుడూ కొరతే. మాస్టర్స్ రెండో సెమిస్టర్లో పని కోసం తిరుగుతున్న నన్ను బాబాయే తన కంపెనీలో చేర్పించారు. కంపెనీ ఏ ఊరికి పంపితే ఆ ఊరి స్టేడియానికి ఇద్దరం రైల్లో పోయేవాళ్ళం, ఒళ్ళో నిమ్మకాయ పులిహోర డబ్బాలు పెట్టుకుని.

ఆ పనిలో మొదటి నియమం, ఆటకి వీపు పెట్టి జనం వైపు తిరిగి నిలబడటం. బాబాయ్ ఇరవై ఏళ్ళకి పైగా మైదానాల్లో నిలబడి ఒక్క గోలు కూడా కళ్ళారా చూడలేదు. జనం మొహాలు చూసి గోలా, పెనాల్టీయా, బంతి పైనుంచి పోయిందా ఇట్టే చెప్పేసేవారు. ఆట మొదలవకముందే బయటి ఊరి అభిమానుల దగ్గరకి వెళ్ళి, డప్పు కొట్టి గుంపుని నడిపేవాడితో చెయ్యి కలిపి వచ్చేవారు. కొడితే ముందు వాడే కొట్టాలి, ఆపితే వాడే ఆపాలి అనేవారు.

రెండో నియమం ఆయన సొంతది. ఏదైనా గొడవ జరిగితే, ఏం చూశామో చెప్పేముందు ఏం చూడలేదో చెప్పాలి. డ్యూటీ అయ్యాక మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పించేవారు. చూడనివి పక్కకి తీసేస్తే మిగిలేది చారెడే ఉంటుందమ్మా, ఆ చారెడే మనది అనేవారు. నాకు లోపల విసుగ్గా ఉండేది. రైలు తప్పిపోతుంటే ఈ చాదస్తమేమిటని గొణుక్కునేదాన్ని.

ఆ వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం ఇటలీ జట్టు ఒకటి స్నేహపూర్వక మ్యాచ్‌కి వచ్చింది. స్నేహం పేరుకే. ఇటలీ వాళ్ళ గేటు దగ్గర నేను ఒకమ్మాయి సంచి తెరిపిస్తుంటే, ఆమెతో వచ్చిన ఎర్ర చొక్కా, ఆకుపచ్చ టోపీ కుర్రాడు నా వైపు చూసి ముక్కు మూసుకుని ఏదో అన్నాడు. వెనకున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మాట అర్థం కాలేదు గానీ ముక్కు మూసుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు.

రెండో సగంలో, నేను వాళ్ళకి ఎదురుగా నిలబడి ఉండగా, వాళ్ళ వరసల్లోంచి మండుతున్న కాగడా ఒకటి లేచి, పిల్లలతో కూర్చున్న కుటుంబాల మధ్య పడింది. ఒక తల్లి చేతికి కాలింది. పోలీసులు పరుగెత్తుకొచ్చి ఎవరు విసిరారని అడిగారు. నేను క్షణం ఆలోచించకుండా ఆకుపచ్చ టోపీని చూపించాను. ఇద్దరు అతన్ని లాక్కుపోయారు. మ్యాచ్ అయ్యాక వెనకనున్న పోలీసు కంటెయినర్ గదికి వచ్చి వాంగ్మూలం మీద సంతకం పెట్టమని నాకు చెప్పారు.

నేను అటు నడుస్తుంటే బాబాయ్ పక్కకొచ్చారు.

"ఏమేం చూడలేదో చెప్పమ్మా."

"చెయ్యి చూసిన బాబాయ్. ఎర్ర చొక్కా చెయ్యి."

"ఆడ ఎర్ర చొక్కాలు ఎన్నున్నాయి? మొహం చూశావా?"

"వాడు నన్ను ఎక్కిరించిండు బాబాయ్," అన్నాను. ఆ రోజు వాడు చేయగా నేను నిజంగా చూసింది అదొక్కటే.

అప్పుడు భయం పట్టుకుంది. మాట మారిస్తే నా మీదే కేసు పెడతారేమో, రెండు వారాల్లో వీసా పొడిగింపుకి అపాయింట్‌మెంట్ ఉంది, ఉద్యోగం పోతుంది, ఇంట్లో ఏం చెప్పాలి అని ఏకరువు పెట్టాను. ఆయన నన్ను కార్లు ఆపే చోట అరుగు మీద కూర్చోబెట్టి, అంతకుముందు మాలో ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు.

ఇటలీలో ఆయన కూడా ఒకణ్ణి చూపించారట. తమ వీధి చివర రొట్టెలు కాల్చే అతనే. పోలీసును రాయితో కొట్టింది ఎవరో మెడకి కండువా చుట్టుకున్నవాడు. బాబాయ్‌కి కండువా తెలుసు, ఆ కండువా రొట్టెలాయన రోజూ చుట్టుకుంటాడు కాబట్టి ఆయనే అనుకున్నారు. రొట్టెలాయనకి రెండేళ్ళు నిషేధం పడింది, ప్రతి ఆదివారం మ్యాచ్ వేళకి స్టేషన్లో సంతకం. తప్పు తెలిసి ఈయన వెళ్ళి చెప్పేసరికి, మాట మార్చే సాక్షిని ఎవరు నమ్ముతారు పొమ్మన్నారు. ఇక మ్యాచ్ డ్యూటీలు మానేసి, రొట్టెలాయన సంతకం పెట్టే వేళకి ఈయన కూడా వెళ్ళి స్టేషన్ బయట నిలబడేవారట. చాలా నెలలు ఆ మనిషి ఈయన మొహం చూడలేదు. ఒక చలికాలం బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాడట, అంతే.

"నీ వీసా పోద్దో పోదో నాకు తెలీదమ్మా. తెలీంది నేను చెప్పను," అన్నారు బాబాయ్. "ఆ కుర్రాడి ఆదివారాలు మాత్రం పోతాయి. అది నేను చూశాను."

లేచాను. కంటెయినర్ మెట్ల దాకా ఆయనా నాతో వచ్చారు. లోపల నడివయసు పోలీసాయన నా మాటలన్నీ ముందే టైపు చేసి పెట్టాడు. నేను మొహం చూడలేదని, గేటు దగ్గర నన్ను వెక్కిరించాడన్న కోపంతో అతన్ని చూపించానని, నాకొచ్చిన జర్మన్‌లో చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు. గట్టిగానే చీవాట్లు పెట్టాడు. ఆ తర్వాత కొత్త కాగితం తీశాడు. కెమెరా రికార్డు వెనక్కి తిప్పి చూస్తే కాగడా లేచింది ఆ కుర్రాడికి రెండు వరసల వెనక నుంచి. ఎవరిదో తేలలేదు.

కుర్రాడు బయటికొచ్చేసరికి వాళ్ళ బస్సులు వెళ్ళిపోయాయి. నా వైపు చూసి నేల మీద ఉమ్మేశాడు. బాబాయ్ వాడితో ఇటాలియన్‌లో ఏదో మాట్లాడి, తన పులిహోర డబ్బా చేతిలో పెట్టి, రైలెక్కడ మారాలో చీటీ రాసిచ్చారు. ఆ చీటీ వాడు తీసుకున్నాడు. మిగతాది వాడి ఇష్టం.

నా మీద కేసు పెట్టలేదు, వీసా వచ్చింది. కంపెనీ మాత్రం కొన్నాళ్ళు బయటి ఊరివాళ్ళ గేటు దగ్గరికి పంపలేదు. దానికి నాకు బాధ లేదు. ఇప్పుడు కొత్తగా చేరే అమ్మాయిలకి పని నేర్పేది నేనే. గొడవ జరిగితే ముందు ఏం చూడలేదో చెప్పమంటాను. వాళ్ళు విసుక్కుంటారు.

బుధవారం సమాధి కార్యక్రమంలో ఫాదర్‌గారు బాబాయ్ జీవిత వివరాలు చదివారు. ఊరు, చదువు, ఇటలీ, జర్మనీ, భార్య పేరు. "వారికి సంతానం లేదు," అని చదివి కాగితం మడిచారు. ఆయన చదివింది నిజమే. అయినా నేను లేచి నిలబడి, ఇది కూడా రాసుకోమని అనబోయాను.

ఆ రోజు కంటెయినర్ గుమ్మంలో పోలీసాయన బాబాయ్‌ని ఆపాడు. సాక్షి ఒక్కరే లోపలికి రావాలి, కుటుంబ సభ్యులైతేనే పక్కన కూర్చోవచ్చు, మీరు ఈమెకి ఏమవుతారని అడిగాడు. చూడనిది చెప్పని మనిషి, తెలియనిది పలకని మనిషి, నా వైపు ఒకసారి చూసి, "నా కూతురు," అన్నారు. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. పోలీసాయన కుర్చీ చూపించాడు. బాబాయ్ ఇస్త్రీ చేసిన ఆ పసుపు జాకెట్ విప్పి ఒళ్ళో మడతపెట్టుకున్నారు. నేను నా తప్పు ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెబుతున్నంతసేపూ, బడి వార్షికోత్సవంలో బహుమతి అందుకుంటున్న పిల్లని చూస్తున్న తండ్రిలా, తలెత్తుకుని నా పక్కనే కూర్చున్నారు.