దేవదూత లేని ప్రతి: గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా

నా తెలుగు సొగసైనది కాదు. పాఠకులు ముందుగానే మన్నించాలి. పగలు రైస్ మిల్లులో తూకం చూస్తూ, రాత్రి కళాశాలలో చదివి, నలభై రెండో ఏట పట్టా పుచ్చుకున్నవాణ్ణి. అంత కష్టపడి చదివాను కనుక అచ్చులో ఉన్నదాన్ని తేలికగా నమ్మను. ఈ ప్రయాణానికి కారణం కూడా ఆ అలవాటే. మా అక్క భర్త వరికోత యంత్రం నడిపేవాడు. పక్షవాతంతో మంచం పట్టాడు. గత నెల ఆయనకు పెద్ద అక్షరాల కొత్త పరిశుద్ధ గ్రంథం తీసుకెళ్ళి, కోనేటి గట్టున ఏళ్ళ తరబడి పడివున్న రోగి కథ చదివాను. దేవదూత దిగివచ్చి నీళ్ళు కదిలిస్తే ముందు దిగినవాడికి రోగం నయమవుతుందనే వాక్యం మా పాత ప్రతిలో ఉంది, ఇందులో లేదు.

"ఒక ముక్క మింగేశావేంటి బావా?" అన్నాడు.

అది ప్రాచీన ప్రతుల్లో కనబడదని పుట అడుగున ఉన్న గమనిక చదివి వినిపించాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "దూతే లేకపోతే మిగతాదెంతుందో కనుక్కునిరా. అప్పటిదాకా నాకు చదవొద్దు," అన్నాడు. ఆ వాక్యాన్ని ఎవరో కావాలనే తీసేశారని నాకు గట్టి అనుమానం కలిగింది.

శనివారం ఉదయం ఏడు గంటల ప్రాంతంలో గుడివాడలో పాసింజరు రైలెక్కి, ముప్పావుగంటలో పెడనలో దిగాను. మచిలీపట్నంలో, అదే మా బందరులో, నేను కలవవలసిన విశ్రాంత పాస్టరుగారు పదకొండు తరవాత రమ్మన్నారు. ఈలోగా అక్కకు కలంకారీ దుప్పటి కొందామనుకున్నాను. అద్దకం షెడ్డులో అచ్చులు చెక్కే పెద్దాయన ఒక దుప్పటి పరిచి, ఆకు మీదుగా పోయే తెల్లని తీగ చూపించారు.

"ఇది తీగ కాదండీ. మా తాత చెక్కిన అచ్చు పగిలితే పడిన గీత. మా నాన్న దాన్ని చూసి కొత్త అచ్చు చేస్తూ, చీలికని కూడా తీగనుకుని చెక్కేశాడు."

ఆ సంగతి ఎలా తెలిసిందని నిలదీశాను. అచ్చు పగలకముందు అద్దిన గుడ్డ ఇంట్లో పెట్టె అడుగున దొరికిందట. అందులో తీగ లేదట. మరి తీసేయకూడదా అన్నాను. "ఒకసారి తీశానండీ. ఇది పెడన సరుకే కాదని తిప్పి పంపారు," అని నవ్వారు.

అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ముప్పై రూపాయలకు బందరు కోనేరు సెంటరు చేరాను. పాస్టరుగారు నా రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని ఓపికగా చెప్పారు: చేతితో రాసిన ప్రతుల్లో బాగా పాతవాటిలో ఆ వాక్యం లేదు, అర్థం కావడానికి ఎవరో అంచున రాసుకున్న మాట, తరవాత నకలు చేసినవారి చేతిలో లోపలికి వచ్చి ఉండవచ్చు. ఆ ప్రతులు తమరు కళ్ళారా చూశారా అని అడిగాను.

"ఫొటోలే చూశానండీ. గ్రీకు కొంచెమే వచ్చు. నకలు చాలావరకు సరిగ్గా ఉందని చెప్పగలను. అందులో ఉన్నది జరిగిందా అంటే, అది నమ్మకం సంగతి."

ఆ జవాబు నాకు పూర్తిగా రుచించలేదు. కానీ తెలియనిది తెలియదన్న మనిషిని అనుమానించడం కష్టం. మధ్యాహ్నం పల్లెవెలుగు బస్సెక్కి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా, రెండు గంటల్లో అక్కావాళ్ళ ఊరు అవనిగడ్డలో దిగాను.

బావకు అంతా చెప్పాను, తీగ సంగతితో సహా. ఆయన పూర్తిగా విన్నాడు. తరవాత అడిగాడు: "నన్ను నీళ్ళలోకి దింపేవాడెవడూ లేడని ఆ రోగి అంటాడే, ఆ మాటుందా? అదీ చీలికేనా?"

రెండు ప్రతులూ తెరిచి చూపించాను. రెండింటిలోనూ ఉంది. పాత ప్రతుల్లోనూ ఉందని పాస్టరుగారు చెప్పారన్నాను.

"అయితే నా మాట ఉంది. దూత సంగతి నువ్వు తీరిగ్గా తేల్చుకో బావా. ముందు నన్ను కాలవ మెట్లదాకా దింపు. అక్కడికి వెళ్ళి నాలుగు నెలలైంది."

అక్కా నేనూ చెరోవైపు పట్టుకుని ఇంటి వెనక కాలవకు దింపాం. నీళ్ళలో కాళ్ళు పెట్టాక, కథ మొదటినుంచీ చదవమన్నాడు.

నా అనుమానం పూర్తిగా తీరలేదు. తీరిందని రాస్తే అబద్ధమవుతుంది. అయితే ఎవరో వాక్యం దొంగిలించారన్న నేరారోపణను వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త ప్రతి అచ్చువేసినవారు చీలికను చీలికేనని పుట అడుగున ఒప్పుకున్నారు. నాలుగు నెలలుగా వస్తూపోతూ, ఆ మనిషికి ఏం కావాలో ఒక్కసారీ అడగని నేను, వారి నిజాయితీని ప్రశ్నించాను. ఈ దారిన వెళ్ళేవారు పాత ప్రతినీ కొత్త ప్రతినీ రెండింటినీ వెంట ఉంచుకోండి; మధ్యాహ్నం రెండు గంటలలోపు బందరు బస్టాండుకు చేరితే పొద్దుండగానే అవనిగడ్డలో ఉంటారు. చదివాక ఈ వ్యాసాన్ని పండితులకు పంపవద్దు, వారికి తెలిసినదే. మంచాన ఉన్నవారికి గ్రంథం చదివిపెట్టే వారికివ్వండి. ఎక్కడికి దింపాలో ముందు అడిగి, ఆ తరవాత చదవమనండి.