మడకం ముత్తమ్మ హాజరు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి సంది నమ్మకం లేదు. మా నాయిన శ్మశానం పక్క చెలక కౌలుకు చేస్తుండె. మేం అక్కడే ఆడుకున్నం, అక్కడే సద్ది తిన్నం. ఇది కూడా ఎవర్నో నమ్మించాలని రాస్తలేను. చూసింది, చేసింది చెప్తున్న.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, భద్రాచలం అడవి మొదలయ్యే కాడ, ఒక చిన్న టౌను శివారుల సర్కారు హైస్కూల్ల నేను తెలుగు టీచర్ని. బడికి పాతికేళ్లు నిండుతున్నయి, పండుగ చేస్తం, బడి చరిత్ర రాయమని హెడ్మాస్టర్ సారు నాకు అప్పజెప్పిన్రు.

పాత రిజిస్టర్లన్నీ తిరగేసిన. రేకుల షెడ్డుల మొదలైన బడి అది. చుట్టుపక్క గూడేల వాళ్లు వెదురు కొట్టుకొచ్చి, మట్టి మోసి రెండు గదులు లేపిన్రు. ఆడపిల్లలకు కుట్టు క్లాసు, స్కౌట్లు, కూరగాయల మడి, పొద్దున స్టడీ అవర్లు అన్నీ ఉండె. ఏది ఎప్పుడు మొదలైందో రాసిన. ఎందుకు ఆగిపోయిందో రాయొద్దన్నరు సారు. ఆఖరి పేరా ఆయనే చెప్పి రాయించిన్రు. నిరుడు పదో తరగతిల మన బడికి నూరు శాతం ఫలితం వచ్చింది అని.

అది ఎట్ల వచ్చిందో నాకు తెలుసు. ఆ క్లాసుకు టీచర్ని నేనే.

ఆ ముందటేడు పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపేముందు సారు ముగ్గురు పిల్లల పేర్లు చెప్పిన్రు. వీళ్లు తప్పుతరు, వీళ్లతోటి బడి పేరు పోతది, చానా రోజుల నుంచి వస్తలేరని రాసి కొట్టెయ్యమన్నరు. అందుల ఒకరు మడకం ముత్తమ్మ. కోయ పిల్ల. అడవిల గూడెం నుంచి రోజూ నడిచి వచ్చేది. లెక్కలు రాకపోయేది గని, తెలుగు పాఠం నేను ఆపిన కాడి నుంచి అందుకొని చదివేది.

ఇద్దరు ఇట్ల చెప్పంగనే మానుకున్నరు. ముత్తమ్మ మానలేదు. ఆ పిల్ల ముందు బెంచీల కూసోని ఉంటే నేను రిజిస్టర్ల ఆబ్సెంట్ వేసిన. తొమ్మిది రోజులు వేసిన. తొమ్మిదో రోజు లేచి నిలబడ్డది.

"నా పేరు పిలుస్తలేరేంది టీచర్? నేను ఈడనే ఉన్న గదా."

కూసో అన్న. తర్వాత పేరు పిలిచిన. మర్నాటి నుంచి రాలేదు. మిర్చి ఏరే కూలికి పోయింది. పరీక్షలకు ముందే కూలీల ట్రాక్టర్ బోల్తా పడి చచ్చిపోయింది. బడి నుంచి ఎవరం చూడ పోలేదు.

పండుగ రోజు మధ్యాహ్నం సభ. నూరు శాతం తెచ్చిన పాత బ్యాచ్ పిల్లలకు తలా ఒక స్టీలు పళ్లెం ఇయ్యాలె. నలభై ఒక్క మంది, నలభై ఒక్క పళ్లేలు. పొద్దున నేనే రెండుసార్లు చూసుకున్న. పేర్ల కాగితం నా చేతిరాతే. చదివేది డ్రిల్లు టీచర్ పీటర్ సారు. ఆయన వచ్చి ఆరు నెలలే అయింది, పాత పిల్లలెవరూ తెలవరు. నేను బల్ల కాడ నిలబడి పళ్లెం అందిస్తుంటే హెడ్మాస్టర్ సారు పిల్లలకు ఇస్తున్నరు.

సగం దాటినంక మైకుల వినపడ్డది. "మడకం ముత్తమ్మ."

నా చెయ్యి ఆగింది. సారు చెయ్యి చాపే ఉన్నది. ఇచ్చిన. తలెత్తేసరికి ఒక పిల్ల మెట్లు దిగి పోతున్నది. వీపు, రెండు జడలు కనపడ్డయి. అసుంటి జడలు ఆ రోజు చానా మందికి ఉన్నయి. పీటర్ సారు తర్వాత పేరు చదివిండు.

ఆఖరి పేరు విజయలక్ష్మి. ఆ పిల్ల స్టేజీ ఎక్కేసరికి బల్ల మీద పళ్లెం లేదు.

సారు నా మీద కోపం చేసిన్రు, ఒకటి తక్కువ తెచ్చినవని. మీరు ముత్తమ్మకు ఇచ్చిన్రు సార్ అన్న. ఆయన మొఖం మారింది. ఎవరో పిల్ల, పళ్లెం తీసుకొని దండం పెట్టకుండ తన మొఖంలకు చూసి పోయింది అన్నరు.

పీటర్ సారు కాగితంల ఉన్నదే చదివిన మేడం అన్నడు. చూపించమన్న. పై నుంచి కింది దాక వేలు పెట్టి రెండుసార్లు వెతికిండు. లేదు. మరి ఆ పేరు తనకెట్ల తెలిసింది అని నన్నే అడిగిండు. ఫొటోగ్రాఫర్‌ను అడిగితే ఆ కాసేపు రీలు మారుస్తున్న అన్నడు. మిగిలిన నలభై మందినీ ఒక్కొక్కళ్లను అడిగిన. అందరికీ ఒక్కొక్కటే అందింది.

తర్వాతి ఆదివారం ఆ గూడెం పోయిన. ముత్తమ్మ వాళ్ల అమ్మ వాకిట్ల చింతపండు కొడుతున్నది. నేను ఎవరో చెప్పిన. మంచినీళ్లు ఇచ్చింది. నా కండ్లు ఇంట్ల గిన్నెల మీదికే పోయినయి. స్టీలు పళ్లెం కనపడలేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఆమెనే అడిగింది. "చదువు రాకనే తీసేసిన్రా టీచర్, నా బిడ్డను?"

కాదమ్మా అన్న. మా పేరు కోసం తీసేసినం అన్న. తీసేసింది నేనే అని కూడా చెప్పిన. ఆమె చింతపండు కొట్టుడు ఆపలేదు. నేను లేచేదాక తల ఎత్తలేదు.

బడి చరిత్ర అచ్చయింది. నూరు శాతం పేరా అట్లనే ఉన్నది, కింద నా పేరు ఉన్నది. హెడ్మాస్టర్ సారుకు శాలువా కప్పిన్రు. నేను బదిలీ పెట్టుకొని కూసుమంచి దిక్కు వచ్చిన, మొన్న రిటైర్ అయిన.

పీటర్ సారు ఆ పేరు ఎట్ల చదివిండో, నేను అందించిన పళ్లెం ఎవరు పట్టుకపోయిన్రో ఎంత ఆలోచించినా నాకు తెగలేదు. మా ఆయన నీ మనసుల భయం అంటడు. అయ్యుండొచ్చు. గని మైకుల ఆ పేరు విన్నది నేనొక్కదాన్నే కాదు. ఆ సభల మూడు వందల మంది ఉన్నరు. ఆ పిల్ల ఎవరని ఒక్కరన్నా అడగలేదు.