పడమటిగాలి పూట రెబెక్కమ్మ పొయ్యి

కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, కోడికూర కుతకుతలాడుతున్న పొయ్యిలో ఎవరైనా వచ్చి బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే ఆ మనిషి మీద ప్రేమ ఎలా పుడుతుందో మీరే చెప్పండి!

నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. పెంకుటిల్లు, వంటకు బొగ్గుల కుంపటి. అరవై ఒకటిలో ఈస్టరు దాటాక జయకుమార్‌తో పెళ్ళయి, విడవలూరు దాటి సముద్రం వైపున్న ఈ పాళేనికి వచ్చాను. ఇక్కడ చర్చికి తప్ప అన్ని ఇళ్ళకూ తాటాకు కప్పే. ఒక ఇంటి చూరు పక్కింటి చూరును రాసుకుంటూ ఉంటుంది. ఆ రోజు మా ఆయన ఎక్కడో వెతికి కోడిని తెచ్చాడు. నేను పొద్దెక్కాక తీరిగ్గా పొయ్యి రాజేసి, మసాలా నూరి, మూత తీసి వాసన చూస్తున్నాను. అంతలో ఒకావిడ లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, కొంగు నడుముకు బిగించి ఉంది, చంకలో నీళ్ళ బిందె. కూర కుండను గుడ్డతో పట్టి దించి పక్కన పెట్టింది. బిందె వంచేసింది. ఆవిరి, బూడిద బుస్సుమని నా కొత్త చీర మీదికి లేచాయి.

“గాలి తిరిగింది మే,” అంది. “ఇంక సాయంత్రం దాకా పొయ్యి లేదు.”

అంతే, వెళ్ళిపోయింది. మేము సగం ఉడికిన కోడిని చూసుకుంటూ మజ్జిగన్నం తిన్నాం. ఆవిడే రెబెక్కమ్మ. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలని కూడా లేదు.

మార్చి చివర మొదలై ఎండలు ముదిరేకొద్దీ మా తీరాన రోజూ ఇదే వరస. పొద్దెక్కగానే పడమటిగాలి లేస్తుంది. ఒంట్లో తడి, ఆకులో తడి పీల్చేసి, తాటాకును అప్పడంలా చేసి పెడుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, వీధి వీధంతా భగ్గుమంటుంది. ఎప్పుడో మధ్యాహ్నం దాటాక సముద్రంగాలి వస్తే గానీ ప్రాణం కుదుటపడదు. రెబెక్కమ్మ తన ఇంటి ముందు వెదురుగడ పాతి, దానికి పాత చీర పీలిక కట్టింది. పీలిక సముద్రం వైపు ఎగిరిందా, పొయ్యిలన్నీ ఆరాలి. ఊరి వైపు తిరిగిందా, వెలిగించుకోవచ్చు. ఈ చట్టం ఎవరు చేశారని అడగకండి. ఆవిడే చేసింది.

పొయ్యితో సరిపెట్టిందా? లేదు. ప్రతి గుమ్మం పక్కనా నిండుగా నీళ్ళకుండ ఉండాలి, ఒక గోనెసంచి తడిసి ఉండాలి, చూరు లాగి పడేయడానికి కొక్కెం కట్టిన పొడుగాటి దోటి ఉండాలి. రోజూ వచ్చి చూసేది. ఒకసారి గంగులయ్య ఇంటి ముందు కుండలో చెయ్యి పెడితే నీళ్ళు లేవు, గుడ్లు పొదిగే పెట్ట ఉంది. అది పొడిచింది. రెబెక్కమ్మ పెట్టను తిట్టలేదు, గంగులయ్యను తిట్టింది.

“నీకీ పెత్తనం ఎవురిచ్చినారు మే? కలెక్టరా?” అని గంగులయ్య కూడా లేచాడు.

“ఆ పొద్దు ఊరు తగలబడతా ఉంటే నువ్వు తాటితోపులో కల్లు తాగతా ఉండావు. మాట్లాడబాక. పోయి ఇంకో కుండ తే.”

గంగులయ్య గొణుక్కుంటూనే వెళ్ళి తెచ్చాడు. పాస్టరుగారి ఇంట్లో కాఫీ పెట్టుకున్న పొయ్యికి కూడా ఆవిడ మినహాయింపు ఇవ్వలేదు. ఆదివారం ఆరాధనలో అందరం కళ్ళు మూసుకుంటే, ఆవిడ ఒక కన్ను తెరిచి కిటికీలోంచి పీలికను చూసేది. ఏం చేస్తాం! ఆడవాళ్ళమంతా కోడి కూయకముందే లేచి, ఆవిడను తిట్టుకుంటూ వంటలు ముగించేవాళ్ళం.

ఆ పొద్దు సంగతి మా ఆయన చెప్పాడు. రెబెక్కమ్మ కూతురు కరుణాకుమారి చంకబిడ్డగా ఉన్నప్పుడు, ఇలాంటి గాలిలోనే ఒక ఇంటి పొయ్యి నుంచి రవ్వ లేచిందట. బావిలోంచి చేద పైకి వచ్చేలోగా వరస మొత్తం బూడిద. రెబెక్కమ్మ మొగుడు ఎద్దును విప్పుకొస్తానని లోపలికి పోయి మళ్ళీ రాలేదు. ఆవిడ తాటాకు చాపలు అల్లి అమ్ముకుంటూ ఆ పిల్లను పెంచింది. వినగానే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా మర్నాడు మళ్ళీ బిందెతో వస్తే మళ్ళీ కోపమే వచ్చింది.

కరుణ మాత్రం బంగారం. పెళ్ళీడు వచ్చాక, బిట్రగుంటలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు విజయభాస్కర్‌కు ఆ పిల్లను అడుగుదామని నాకే తోచింది. అతను రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. రైల్వే క్వార్టర్సు ఇచ్చారు. ఈ మాట చెబితే రెబెక్కమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

“పెంకుటిల్లా, ఆనందా?”

“పెంకుటిల్లే అత్తా.”

“నిజంగా? పైన ఒక్క తాటాకు కూడా ఉండదా?”

“ఒక్కటి కూడా ఉండదు.”

పిల్లవాడి జీతం అడగలేదు, గుణం అడగలేదు. ఆ పూటంతా ఆవిడ వీధిలో ఎవరినీ ఏమీ అనలేదు.

శనివారం సాయంత్రం చూపులకు వస్తామని పెద్దమ్మ కబురు పంపింది. సముద్రంగాలి వచ్చాక వేడివేడిగా వండి పెట్టాలని రెబెక్కమ్మ అన్నీ సిద్ధం చేసుకుంది. తీరా పెద్దమ్మా, విజయభాస్కరూ పట్టపగలే బండి దిగారు. అతనికి డ్యూటీ మారిందట, రాత్రికి ఇంజనెక్కాలట. గాలి చూస్తే మామూలుగా లేదు. పీలిక సముద్రం వైపు కర్రలా నిలబడింది.

మా పెద్దమ్మ సంగతి నాకు తెలుసు. ఆవిడకు మర్యాద అంటే పొగలు కక్కే అన్నం. కాళ్ళు కడుక్కుంటూనే ఇల్లంతా కలియజూసి, “ఏందమ్మే ఆనందా, పొయ్యి కూడా రాజెయ్యలేదే! చద్దికూడు పెట్టి పంపిస్తారా?” అని నా చెవిలో అంది. పెద్దమ్మ చెవిలో చెబితే వీధి చివరికి వినిపిస్తుంది.

రెబెక్కమ్మ పీలిక వైపు చూసింది. పెద్దమ్మ వైపు చూసింది. గబగబా లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఆ ఇంటి కప్పులోంచి పొగ లేచింది.

వీధంతా బయటికి వచ్చింది. ఇన్నేళ్ళ కసి తీరేలా అందరూ పకపకా నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఎదురింటి కామమ్మ గోనెసంచిని కుండలో ముంచి చేత్తో పట్టుకుంది. గంగులయ్య దోటి తెచ్చి రెబెక్కమ్మ చూరు కింద నిలబడ్డాడు. నేను లోపలికి పరుగెత్తాను.

రెబెక్కమ్మ పొయ్యికి గాలి తగలకుండా కొంగు చాపి, వీపు అడ్డం పెట్టి కూర్చుంది. తడికల సందుల్లోంచి గాలి దూరుతూనే ఉంది. రవ్వలు లేచి కప్పు దాకా పోతున్నాయి.

“అత్తా, వద్దత్తా!”

“ఒక్క ఎసరు, ఆనందా. ఒక్క ఎసరు పొంగితే చాలు. బిడ్డ పెంకుటింటికి పోతాది.”

అంతలో కరుణ వచ్చింది. పట్టుచీర, తల నిండా పూలు, చేతుల్లో గుమ్మం దగ్గరి నీళ్ళకుండ.

“అమ్మా, లెయ్.”

“పో మే! వాళ్ళు ఎలబారి పోతే?”

“పోతే పోనీ. నువ్వు లెయ్యమ్మా.”

కరుణ తల్లిని భుజం పట్టి పక్కకు జరిపి, అన్నం కుండ దించి, నీళ్ళన్నీ పొయ్యిలో పోసేసింది. బూడిద పిల్ల ముఖం నిండా, చీర నిండా పడింది. అప్పుడే మా పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అయిపోయింది, సంబంధం గంగలో కలిసిందనుకున్నాను.

“ఏందిది?” అంది పెద్దమ్మ.

“పడమటిగాలి అత్తమ్మా,” అంది కరుణ. “ఈ గాల్లో మేము పొయ్యి రాజెయ్యం. కాసేపు ఉంటే వేడిగా వండి పెడతాను. ఉండలేమంటే, ఉండేదే తిని పోండి.”

“మీ ఇంట్లో ఉండేదేముంది మే, నీళ్ళా?” అని బయట నుంచి కామమ్మ అరిచింది. సంచి కింద పడేసి ఇంటికి పరుగెత్తి, ముందురోజు పెట్టిన చేపల పులుసు కుండతో సహా తెచ్చింది, మామిడికాయ ముక్కలతో. గంగులయ్య ఇంటి నుంచి నెత్తళ్ళ వేపుడు వచ్చింది. మా ఇంటి నుంచి నేను పప్పు, అన్నం తెచ్చాను. అన్నీ చల్లగానే ఉన్నాయి.

“ఈయమ్మ పుణ్యాన మేము చీకట్లోనే వండుకుంటామమ్మా,” అంది కామమ్మ వడ్డిస్తూ. “తిట్టుకుంటా వండింది, ఉప్పు ఎక్కువైతే ఆయమ్మనే అనుకోండి.”

మర్నాటి చేపల పులుసు రుచి మా నెల్లూరు మనిషికి చెప్పాలా? విజయభాస్కర్ తలెత్తకుండా తిన్నాడు. పెద్దమ్మ వద్దు వద్దంటూనే రెండుసార్లు వేయించుకుంది. చేయి కడుక్కుని, కరుణను దగ్గర కూర్చోబెట్టుకుని, ముఖాన బూడిదను తన కొంగుతోనే తుడిచింది.

“మా వాడికి పగలూ రాత్రీ నిప్పుతోనే పని. ఇంటికొచ్చినా అదే సెగ,” అంది. “ఈ పిల్లయితే చల్లారుస్తాది. మే నెలలోనే పెళ్ళి పెట్టుకుందాం.”

విజయభాస్కర్ సిగ్గుపడి గంగులయ్య దోటిని పరీక్షగా చూడడం మొదలుపెట్టాడు.

వాళ్ళ బండి కదిలేసరికి సముద్రంగాలి వచ్చింది. పీలిక తిరిగింది. వీధిలో ఒక్కొక్క ఇంటిలో పొగ లేస్తోంది. ఈ సంతోషం పంచుకుందామని వెళితే రెబెక్కమ్మ తడి పొయ్యి ముందు అలాగే కూర్చుని ఉంది.

“ఇంక రాజేసుకో అత్తా, నీ చట్టం ఒప్పుకుంది,” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఏడుస్తోంది. రెబెక్కమ్మ ఏడవగా నేను చూడడం అదే మొదలు.

“నేనే రాజేసినాను ఆనందా. అంతా తెలిసీ రాజేసినాను.”

“కరుణ ఆర్పేసింది కదత్తా. ఏమీ కాలేదు కదా.”

“అది ఆర్పింది. నేను ఆర్పలేదు.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఆ పొద్దు రవ్వ లేచిందే, ఆ ఇంటామెను ఇన్నేళ్ళూ మనసులో తిట్టుకుంటా ఉండాను. పాపం, ఆమె కూడా ఎవురికో ఇంత అన్నం పెట్టాలనే రాజేసిందేమో.”

నేను పక్కన చతికిలబడి ఆవిడ చేయి పట్టుకున్నాను. నాకూ ఏడుపు వచ్చింది.

“కరుణ బిట్రగుంటకు పోతాది,” అంది ఆవిడ. “అందరిళ్ళకూ బిందెతో నేను పోతాను. మా ఇంటికి ఎవురొస్తారు మే?”

“నేనొస్తాలే అత్తా,” అన్నాను.

“రోజూ రావాల. నేను పొమ్మన్నా పోబాక.”