రెండు సూదుల మీద తొలి వరస

ఫోను వచ్చినప్పుడు నేను బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. చేసింది మా ఇంటి ఓనరుగారి కోడలు. "మామ్మగారు వెళ్ళిపోయారండి. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు, అంతే" అంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మంచాన పడకుండా పోయారు, అదృష్టవంతురాలు అని ఆ రోజు వచ్చినవాళ్ళందరూ అన్నారు. నాకు మాత్రం ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ముందురోజు సాయంత్రమే ఆవిడ నన్ను ఆపి, రేపైనా వచ్చి కూర్చుంటావా అని అడిగారు. కూర్చుంటానన్నాను. రెండేళ్ళుగా నేను చెబుతున్న జవాబే అది. కోపం ఎవరి మీదో మీకు తెలిసే ఉంటుంది.

నరసాపురంలో ఆవిడ ఇంటి వెనకవాటాలో మేం అద్దెకుంటున్నాం. చుట్టరికం ఏమీ లేదు. వీధిలో అందరూ మామ్మగారు అంటే మేమూ అన్నాం.

లేసు అల్లికలో ఆవిడది బిగువు చెయ్యి అని పేరు. మా ఊళ్ళో అంతకన్నా పొగడ్త లేదు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు లేసు పట్టుకెళ్ళే ఏజెంట్లు ప్రతి ముక్కనీ రెండు చేతులా లాగి చూసేవారట, సాగితే వెనక్కి ఇచ్చేసేవారట. తన ముక్క ఒక్కటి కూడా వెనక్కి రాలేదని రోజుకొకసారైనా చెప్పుకోకపోతే ఆవిడకి తోచేది కాదు. దారాన్ని చిటికెనవేలికి రెండు చుట్లు చుట్టి, చూపుడువేలి మీదుగా లాగి పట్టేవారు. అలా పట్టీ పట్టీ ఆ చూపుడువేలి మీద చిన్న గాడి పడిపోయింది. వదులుచెయ్యికి లేసూ రాదు, వంటా రాదు అనేవారు నా వైపు చూస్తూ. అప్పటికే నా వంట రుచి చూసి ఉన్నారు లెండి.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. భీమవరం ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. తలకి వెచ్చగా టోపీ కావాలంది సిస్టరు. బజారులో కొన్నవి పాప మెడ దాకా జారిపోయాయి. మామ్మగారు ఒక్క పూటలో లేసు సూదితో ఒకటి అల్లి పంపారు. చూడముచ్చటగా ఉంది కానీ, లేసు కదా, నిండా కన్నాలు. గాలి పోతుందని, స్వెట్టర్ అల్లినట్టు రెండు సూదులతో అల్లినదైతే నయమని సిస్టరు చెప్పింది. మామ్మగారు నొచ్చుకోలేదు. చిన్నప్పుడు బడిలో కుట్టు టీచరుగారు నేర్పిన స్వెట్టర్ అల్లికని గుర్తు తెచ్చుకుని, మెత్తటి ఉన్ని తెప్పించి, ఇంకో టోపీ చేసి, తనే బస్సెక్కి తెచ్చారు.

పొరపాటు ఆ టోపీ మొదట్లోనే ఉంది. స్వెట్టర్ అల్లికకి ముందుగా సూది మీద తొలి వరస కుట్లు ఎక్కించుకోవాలి. బడిలో నేర్పిన ఆ పద్ధతి ఆవిడ మర్చిపోయారు. అందుకని లేసుకి వేసినట్టే బిగువుగా గొలుసుకుట్టు వేసి, దాంట్లోంచి కుట్లు సూది మీదికి తీసుకున్నారు. మిగతా టోపీ అంతా సాగింది, అంచు సాగలేదు. కాసేపటికి సిస్టరు టోపీ తీస్తే పాప నుదుటికి అడ్డంగా ఎర్రటి గీత. పాప ఏడవలేదు, దానికి అప్పుడు ఏడ్చే ఓపిక కూడా లేదు. నేనే ఏడ్చాను.

మామ్మగారు ఆ గీతని చూసి, తన వేలి మీది గాడిని చూసుకున్నారు.

"నా చెయ్యేనమ్మా" అన్నారు.

నేను ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఫోనులో వెతికితే ఒక వీడియో దొరికింది. ఉన్ని కొస పొడుగ్గా వదిలి, రెండు సూదుల్ని కలిపి ఒకటిగా పట్టుకుని, ఆ రెంటి మీదా కుట్లు ఎక్కించాలి. వరస అయ్యాక ఒక సూదిని లాగేయాలి. ఆ సూది ఉన్నంత జాగా ప్రతి కుట్టులోనూ మిగులుతుంది, అంచు సాగుతుంది. వీడియోలో ఆవిడెవరో హిందీలో చెబుతోంది. తెలుగులో వెతుకుతానంటే మామ్మగారు వద్దన్నారు. మాట మనకెందుకు, చెయ్యి చూస్తే చాలని సౌండు తీసేయించి, నాలుగుసార్లు చూసి, వీడియోని కోడలి ఫోనుకి పంపించుకుని వెళ్ళారు.

కళ్ళకి తెలిసింది చేతికి ఎక్కలేదు. అరవై ఏళ్ళ అలవాటు అది. ఉన్ని తగలగానే చిటికెనవేలు దాన్ని చుట్టేసుకునేదట, కుట్లు బిగిసిపోయేవట, లాగబోతే రెండో సూది మొండికేసేదట. మూడో రోజున ఆవిడ చిటికెనవేలిని పక్కవేలితో కలిపి గుడ్డపీలికతో కట్టేసుకున్నారు. దెబ్బ తగిలిందా అని ఎవరైనా అడిగితే, దెబ్బ కాదండీ, దానికి శిక్ష అనేవారట. అల్లిన ప్రతి టోపీనీ ఒలిచిన కొబ్బరికాయకి తొడిగి చూడటం, అంచు బిగిస్తే మొత్తం విప్పేయడం. కొడుకు విసుక్కుని, ఇంకెక్కడైనా కొందాంలే అమ్మా అన్నాడు.

"విప్పిన దారం ఎక్కడికీ పోదురా" అన్నారట ఆవిడ, మళ్ళీ చుడుతూ.

తొమ్మిదో రోజున భీమవరం వచ్చారు. సిస్టరు టోపీ తొడిగి ఉంచినంతసేపూ కూర్చోమన్నా కూర్చోలేదు, గాజుతలుపు బయట నిలబడే ఉన్నారు. టోపీ తీసినప్పుడు పాప నుదురు నున్నగా ఉంది. నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడ నన్ను పట్టించుకోకుండా, "లోపల ఇంకా ఎంతమంది ఉన్నారండీ?" అని సిస్టరుని అడిగారు.

అప్పటినుంచి నిన్నమొన్నటి దాకా ఆ వార్డుకి టోపీలు వెళుతూనే ఉన్నాయి. ఆవిడ చెయ్యి మారిందనుకోకండి. లేసు పట్టుకుంటే మళ్ళీ అదే బిగువు. ఉన్ని పట్టుకున్న ప్రతిసారీ, చివరిదాకా, ఆ గుడ్డపీలిక కట్టుకోవాల్సిందే. తన తర్వాత ఈ పని ఎవరు చేస్తారన్నది ఆవిడ బెంగ. నా వెంట పడ్డారు. పరీక్ష పేపర్లన్నాను, పాపకి జలుబన్నాను. ఒకసారి ఇంకేమీ తోచక, నాది వదులుచెయ్యి కదా మామ్మగారూ అన్నాను.

"దీనికి కావాల్సింది అదేనే పిచ్చిదానా" అన్నారు. "నేను కట్టేసుకుంటే గానీ రానిది నీకు పుట్టుకతో వచ్చింది."

ఆ మాటకి నవ్వేసి, రేపు కూర్చుంటానని లోపలికి వెళ్ళిపోయాను. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు కోడలు ఒక సంచీ తెచ్చి ఇచ్చింది. అందులో ఉన్ని ఉండలు, గుడ్డపీలిక, పైన రెండు సూదులు. రెండూ కలిసి ఉన్నాయి, వాటి మీద తెల్ల ఉన్నితో తొలి వరస నిండా ఎక్కించి ఉంది. మధ్యలో ఆగిపోయారు కాబోలు అనుకున్నాను.

"ఆగిపోలేదండి" అంది కోడలు. "పోయే ముందురోజు సాయంత్రం మీరు లోపలికి వెళ్ళాక ఎక్కించారు. నేను తీసి లోపల పెట్టబోతే ముట్టుకోవద్దన్నారు. రేపు అమ్మాయి వస్తుంది, సూది తనే లాగుతుంది అన్నారండి."

వరండాలో ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. పాప వచ్చి నా మోకాలు పట్టుకుని నిలబడింది. ఒక సూదిని పట్టుకుని మెల్లగా లాగాను. కుట్లన్నీ జారిపోతాయని భయపడ్డాను. ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేసింది. కుట్లు ఒక్కటీ జారలేదు, రెండో సూది మీద నోళ్ళు తెరుచుకుని వరసగా నిలబడ్డాయి. ఖాళీ సూదిని కుడిచేతిలోకి తీసుకుని, మొదటి కుట్టులో పెట్టాను.