స్వగతానికి బదులు చెప్పే ఊరు

పోర్ట్ ఎల్డన్ అనే మా ఊరి బడిలో రెండు తరాల గోధుమ రైతులకు పాఠాలు చెప్పిన గ్లెనిస్ రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. ఏటా చలికాలంలో ఊరి హాల్లో ఒకే పాత విషాద నాటకం వేయిస్తుంది. మాట మరిచిన నటులకు తెర పక్కనుంచి అందించే ప్రాంప్టింగ్ పని నా నెత్తిన పడింది.

ముందు అందరినీ కూర్చోబెట్టి పాఠం. స్వగతమంటే ప్రేక్షకులకే వినపడే మాట, పక్కనున్న పాత్రకు వినపడదు. నాటకీయ వ్యంగ్యమంటే జరగబోయే ఘోరం ప్రేక్షకులకు తెలిసి, పాత్రకు తెలియకపోవడం. అందరూ బుద్ధిగా తలాడిస్తారు. ఆ తలలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఒక్క ముక్కా ఎక్కదు కనక.

రాజు వేషం మెర్వ్‌ది. రిహార్సల్లో, వీడి గ్లాసులో విషం కలిపానని మంత్రి స్వగతంలో అనగానే మెర్వ్ గ్లాసు కింద పెట్టేశాడు. "చెవిన పడ్డాక ఎట్లా తాగమంటారు మిస్?" అని పైగా వాదన. చూసేవాళ్లు ఇంకా అన్యాయం. పోయినేడు ముందు వరుసలోంచి షీలా లేచి, ఆ గ్లాసు ముట్టుకోవద్దని మెర్వ్‌ని హెచ్చరించింది. పొరుగువాడికి ముప్పుందని తెలిసీ నోరు మూసుకుని కూర్చోవడం ఈ ఊరివాళ్ల వల్ల కాదు. రాజు చచ్చేసరికి హాలంతా నవ్వులే.

గ్లెనిస్‌కి ఒక్కటే కోరిక. ఒక్కసారైనా రాజు విషం తాగుతుంటే హాలు నిశ్శబ్దంగా ఉండాలి.

ఈ ఏడు హాలు కమిటీ, ఇక నాటకాలు చాలు, హాలు వ్యాయామశాలకు ఇచ్చేద్దామని తేల్చేసింది. ఆమెకు మాత్రం నాటకం అయ్యాక చెబుతారట. బేకరీలో ఒకరన్న మాట మధ్యాహ్నానికల్లా అందరికీ చేరే ఊరు, ఈ ఒక్కటీ కడుపులో దాచుకుంది. చివరిసారి కదా, ఆమె కోరినట్టే గమ్మునుందామని తమలో తాము అనుకున్నారు కూడా.

నాటకం నాడు మంత్రి స్వగతం పూర్తిచేశాడు. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. షీలా కదల్లేదు. మెర్వ్ గ్లాసెత్తి గటగటా తాగేశాడు.

తెర పక్కన నా దగ్గరే నిలబడ్డ గ్లెనిస్ ముఖం వెలిగిపోయింది. అదీ కాసేపే. హాలు వైపు చూసింది. ఒక్కరూ తలెత్తడం లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వీళ్లందరికీ తెలిసిందేదో నాకు తెలీదు. అంతేనా, డోరీన్?"

ప్రాంప్టర్‌ని, అందించే మాట కోసం చేతిలోని పుస్తకం తిరగేశాను. ఇన్నేళ్లూ ఎక్కని పాఠం ఈ దిక్కుమాలిన ఊరికి ఇవాళే ఎక్కాలా?