నల్లమందు చట్టం అప్పజెప్పిన మధ్యాహ్నం

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, కెనడాలోని హామిల్టన్‌లో ఒక మందుల షాపులో ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఆ రోజుల్లో నాకు నవ్వే తీరికే ఉండేది కాదు. గుంటూరులో ఫార్మసీ చదివి, అక్కడే ఒక కాలేజీలో రెండేళ్ళు పాఠాలు కూడా చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చి మళ్ళీ మొదటినుంచి పరీక్షలు రాయాల్సి వచ్చింది. మందులంటే భయం లేదు, ఎక్కడైనా అవే మందులు. నా ప్రాణం తీసింది చట్టం. ఏ మందు ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మచ్చు, ఏది అమ్మకూడదు, ఏది తాళం వేసి దాచాలి, అన్నీ ఫెడరల్ చట్టాల్లో ఉంటాయి. (మా వీధి చివర మెడికల్ షాపులో "అన్నా, జ్వరానికి నాలుగు బిళ్ళలివ్వు" అంటే చాలు, కాగితంలో చుట్టి ఇచ్చేసేవాడు. నేను ఆ లోకంలోంచి వచ్చాను మరి.)

నాకు పని నేర్పే ఫార్మసిస్టు డెబ్బైకి దగ్గరపడిన కెనడా పెద్దాయన. పేరు పెట్టి పిలవమని మొదటిరోజే చెప్పారు. "సరే సార్" అన్నాను. ఆయన ఇంక ఆ ఆశ వదులుకున్నారు. చట్టాల చరిత్రంటే ఆయనకి ప్రాణం. లంచ్ బ్రేక్‌లో శాండ్‌విచ్ పక్కన పెట్టి మరీ చెప్పేవారు: నూరేళ్ళ పైమాట, ఈ దేశంలో సర్వరోగ నివారిణి అంటూ సీసాలు అమ్మేవాళ్ళట. పళ్ళొస్తున్నాయని ఏడ్చే పసిపిల్లలకి పట్టే సిరప్‌లో కూడా నల్లమందే. పిల్లలు చక్కగా నిద్రపోయేవాళ్ళు, కొందరు మళ్ళీ లేచేవాళ్ళు కాదు. అప్పుడొచ్చింది సీసాలో ఏముందో పైన రాయాలన్న చట్టం. ఆ రోజుల్లోనే నల్లమందుని కట్టడి చేసే చట్టమూ వచ్చింది. తర్వాతెప్పుడో గర్భిణులకి వికారం తగ్గడానికిచ్చిన మందు వల్ల పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా లేకుండా పుట్టారు. కొత్త మందుల చట్టం మరింత బిగుసుకుంది. "ప్రతి సెక్షన్ వెనకా ఎవరో ఒకరు ఏడ్చారు, గుర్తుపెట్టుకో" అనేవారు. నేను సెక్షన్ గుర్తుపెట్టుకున్నాను.

ఇది చాలదన్నట్టు ప్రాక్టికల్ పరీక్ష ఒకటి. అందులో నటులు రోగుల్లా వస్తారు, మనం మాట్లాడాలి. అద్దెకి తీసుకున్న బేస్‌మెంట్‌లో నాతో ఉండే నిజామాబాద్ అమ్మాయి రోజూ నాకు రోగిగా నటించేది. పాపం, మనస్ఫూర్తిగా నటించేది. నేల మీద పడి దొర్లుతూ, "అక్కా, నా పానం పోతుంటే నువ్వు రూల్స్ చదువుతవేందే!" అనేది. నేను ఆగకుండా చదివేదాన్ని.

అలాంటి సమయంలో సార్ ఒక సోమవారం బాంబు పేల్చారు. "ఈ వారంలో నా స్నేహితుణ్ణొకణ్ణి దొంగ ప్రిస్క్రిప్షన్‌తో పంపిస్తాను. పట్టుకుంటావో లేదో చూసి నీ రిపోర్ట్ రాస్తాను." ఆ రిపోర్ట్ మీద ఆయన సంతకం లేకపోతే నాకు లైసెన్స్ లేదు. ఆ క్షణం నుంచి నాకు ప్రతి మనిషీ నటుడే. దగ్గు బిళ్ళలు కొనుక్కోవడానికొచ్చిన ముసలావిణ్ణి కూడా ఐడీ అడిగాను.

గురువారం మధ్యాహ్నం వచ్చాడతను. నలభై ఏళ్ళుంటాయి, కొంచెం వంగి నడుస్తున్నాడు. ఇచ్చిన ప్రిస్క్రిప్షన్ గట్టి నొప్పి మందుకి. బిళ్ళలు పది అని ఉన్నచోట పక్కన ఇంకో సున్నా, వేరే ఇంకుతో. దొరికావు! అనుకున్నాను. సార్ లోపల ఫోన్లో ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. ఆయనకి వినబడేలా గొంతు పెంచాను. నల్లమందు చట్టంతో మొదలుపెట్టి, సిరప్ సీసాల మీదుగా, ఈనాటి మత్తుమందుల నిబంధనల దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. అతనికి చెమటలు పట్టాయి. చెమట కూడా తెప్పించుకోగలడా అని ఆశ్చర్యపోయాను. చివర్లో ఉండబట్టలేక, "మీరు చాలా సహజంగా చేస్తున్నారు" అని మెచ్చుకున్నాను.

"ఏం చేస్తున్నాను?" అన్నాడు.

"నటన!"

అతను నన్ను అలాగే చూశాడు. తర్వాత పక్కనున్న కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మా నిజామాబాద్ అమ్మాయి ఏడుపు ఎప్పుడూ ఇలా చప్పుడు లేకుండా ఉండేది కాదు. అప్పుడు అర్థమైంది నాకు. ఇది నటన కాదు.

సార్ బయటికొచ్చారు. కాగితం ఒక్కసారి చూసి, అతని పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నొప్పి ఎక్కడ?" అన్నారు, అంతే. స్టీల్ ఫ్యాక్టరీలో నడుముకి దెబ్బ తగిలిందట. డాక్టర్ ఇచ్చిన మందు అయిపోయింది, నొప్పి పోలేదు, మందు లేకపోతే చేతులు వణుకుతున్నాయట. సార్ మందు ఇవ్వలేదు, కాగితం తిరిగివ్వలేదు. అతని ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి దాచకుండా అంతా చెప్పారు. సాయంత్రానికి అపాయింట్‌మెంట్ ఇప్పించి, టాక్సీ పిలిచి పంపారు.

నేను "సార్, మీరు పంపిన మనిషనుకున్నాను" అని ఒప్పుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. "అయ్యో, పంపడం మర్చేపోయాను!" తర్వాత నవ్వు ఆపి, "చట్టంలో ఒక్క తప్పు లేదు. కానీ అంతసేపు మాట్లాడావు, నొప్పి గురించి ఒక్క మాటైనా అడిగావా?" అన్నారు. రిపోర్ట్ మీద సంతకం ఇంకో నెలకి గానీ పెట్టలేదు. ఆ నెలంతా కౌంటర్ దగ్గర నన్ను మాట్లాడనివ్వలేదు, విననిచ్చారు.

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు నా దగ్గరా ఇంటర్న్‌లున్నారు, నిబంధనలు ఎన్నోసార్లు మారాయి. మొన్న ఒకాయన ఫ్లూ టీకా వేయించుకోవడానికి వచ్చి, స్లీవ్ పైకి మడుస్తూ, "నన్ను నటుడన్నది నువ్వే కదూ?" అన్నాడు. జుట్టు నెరిసింది, మనిషి నిటారుగా ఉన్నాడు. నేను సిగ్గుతో క్షమాపణ చెప్పబోతే ఆపేశాడు. "ఆ రోజు నేను ఏడుస్తుంటే నువ్వు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చావు. ఇచ్చి ఏమన్నావో తెలుసా? 'ఇది నోటి ద్వారా తీసుకోవాలి, సందేహాలుంటే అడగండి' అన్నావు. టాక్సీలో అది గుర్తొచ్చి నవ్వాను. ఎన్నాళ్ళ తర్వాతో."

నాకైతే అలా అన్నట్టే గుర్తులేదు. కానీ అని ఉంటాను. అప్పటి నాలోని ఆ పిల్ల ఖచ్చితంగా అనే ఉంటుంది.